వెనక కారులో అలక

ఆ రోజుల్లో నాకు వంట అంతగా రాదు, డ్రైవింగ్ అంతంత మాత్రం, ఇంగ్లీషు ఆస్ట్రేలియా వాళ్ల నోట వింటే సగమే అర్థమయ్యేది. అలగడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. తెనాలిలో ముగ్గురాడపిల్లల్లో చివరిదాన్ని కావడం వల్ల అబ్బిన విద్య అది. నేను అలిగి తలుపేసుకుంటే మా నాన్న జీడిపప్పు పొట్లం పట్టుకుని బయట నిలబడి "మా అమ్మ కదూ" అనేవారు (తమ కోసం ఆయన ఎన్నడూ అలా నిలబడలేదని మా అక్కలిద్దరూ ఇప్పటికీ దెప్పుతారు). పెళ్లిలో అలకపాన్పు మీద కూర్చోబెడితే మా ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. ఏదైనా అడుగు బాబూ అని అందరూ వెనకనుంచి పొడుస్తుంటే, "నాకేం వద్దు. మీరు తిన్నరా అంకుల్?" అని మా నాన్ననే ఎదురు అడిగారు. ఆయనది జగిత్యాల. మా పెద్దక్క నా చెవిలో, "ఈయనకి అలగడం రాదే. ఇక మీ ఇంట్లో ఆ శాఖ మొత్తం నీదే" అంది. ఆ శాఖను నేనెంత సమర్థంగా నడిపానో చెప్పడానికే ఇదంతా.

పెళ్లయిన ఎనిమిది నెలలకి మేం మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో ఉన్నాం. అక్కడ ఒక చైల్డ్‌కేర్‌లో నాకు ఉద్యోగం దొరికింది. పసిపిల్లల గదిలో పని. నేను జోకొడితే తప్ప నిద్రపోని ఒక చైనా పిల్లాడు, నా చున్నీ చివర పట్టుకుని తప్ప నడవని ఒక పంజాబీ పిల్ల, వీళ్లందరి మధ్య నాకు ఆ ఊరు సొంత ఊరైపోయింది. మా ఆయన చదివింది మైనింగ్ ఇంజనీరింగ్, చేసేది గోడౌన్‌లో రాత్రి షిఫ్టు. ఓ సాయంత్రం పప్పన్నం కలుపుకుంటూ, "పెర్త్‌ల జాబొచ్చింది. సరే అని చెప్పిన" అన్నారు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. చెప్పిన అన్నారు గాని, చెప్పనా అనలేదు. పెర్త్ అంటే అదే దేశంలో అవతలి ఒడ్డు. మెల్‌బోర్న్ నుంచి విమానంలోనే నాలుగు గంటలు. మంచి ఉద్యోగం, ఆయన చదువుకి తగిన ఉద్యోగం, సంతోషించాల్సిన విషయం. అందుకే గట్టిగా పోట్లాడడానికి కూడా వీల్లేకపోయింది. సణుగుతూ సామాన్లు సర్దాను.

ఇక్కడ బండి అంకుల్ గురించి చెప్పాలి. మా వీధిలోనే ఉండే తెలుగాయన. రిటైరయ్యాక ఆంటీతో దేశమంతా తిరగాలని ఒక పాత మోటర్‌హోమ్ కొన్నారు. అంటే చక్రాల మీద ఇల్లు. ముందు డ్రైవరు క్యాబిను, దాని వెనక పొయ్యి, సింకు, మంచం, బీరువా అంత బాత్రూము. అంకుల్‌కి మోకాలి ఆపరేషన్ అయి తిరగడం మానేశాక ఆ బండిని పెర్త్‌లో ఉన్న కొడుక్కి ఇచ్చేద్దామనుకున్నారు. దాన్ని అక్కడికి చేర్చే మనుషులు కావాలి. మాకు సామాను చేర్చే బండి కావాలి. అలా కుదిరింది. మా చిన్న తెల్ల కారుని ఇనప కమ్మీలతో మోటర్‌హోమ్ వెనక కట్టారు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంటాయి, ముందు బండి ఎటు పోతే అదీ అటే వస్తుంది. "స్టీరింగ్ బిగుసుకుపోకుండా తాళం చెవి కార్లోనే పెట్టి ఉంచండి. బండి కదులుతుంటే ఆ స్టీరింగ్, బ్రేకు ఎవ్వరూ ముట్టుకోకూడదు, కమ్మీ విరిగిపోద్ది" అన్నారు అంకుల్.

"బండి కదులుతుంటే అందులో ఎవరుంటారు అంకుల్" అని నేను నవ్వాను.

"చెప్పడం నా బాధ్యతమ్మా. ఇంకోటి, కారు వెనక ఉన్నంతసేపూ రివర్స్ మాత్రం చెయ్యకండి. రేడియో నలభై మీద పెట్టి ఉంచండి. అది లారీవాళ్ల చానలు, దారిలో ఏదైనా ఉంటే చెప్తారు, మీరూ మాట్లాడొచ్చు."

రివర్స్ సంగతి మేం పోర్ట్ అగస్టాలోనే మర్చిపోయాం. చల్లటి నీళ్ల కోసమని ఒక షాపు పక్కకి తిప్పితే అది దారి లేని సందు. ముందు గోడ, వెనక కారు. మా ఆయన చెమటలు కక్కుతూ నేల మీద పడుకుని కమ్మీలు విప్పుతుంటే ఊరి వాళ్లు కుర్చీలు తెచ్చుకుని కూర్చోవడం ఒక్కటే తక్కువ. నేను నవ్వలేదు. నవ్వితే అప్పటివరకూ పోగుచేసిన అలక కరిగిపోతుందని పళ్లు బిగబట్టుకున్నాను (బాత్రూంలోకి వెళ్లి నవ్వుకున్నాను).

సెడూనా దాటాక నల్లార్‌బోర్ మొదలైంది. చూపు ఆనినంత దూరం చెట్టనేది లేని నేల, గీత గీసినట్టు రోడ్డు. ఆ దారిలో ఒక మర్యాద ఉంది. ఎదురయ్యే ప్రతి బండికీ చెయ్యి ఊపాలి, వాళ్లూ ఊపుతారు. మా ఆయనకి ఇది తెగ నచ్చింది. జగిత్యాలలో బస్టాండు దగ్గర అందరినీ పలకరిస్తూ నడిచిన మనిషి, క్రాన్‌బర్న్ వచ్చాక పలకరించే వాళ్లు లేక మొహం వాచిపోయి ఉన్నారు. చేతులు ఊపి ఊపి అలసిపోయేవారు.

రాష్ట్రం సరిహద్దు దగ్గర మమ్మల్ని ఆపారు. పశ్చిమ ఆస్ట్రేలియాలోకి బయటి పళ్లు, కూరలు, మొక్కలు పోనివ్వరు. పురుగులూ తెగుళ్లూ వస్తాయని భయం. ఉల్లిపాయలు తీసుకున్నారు, కరివేపాకు తీసుకున్నారు. ఆ తర్వాత ఆ ఆఫీసరమ్మ సింకు పక్కనున్న నా గోంగూర కుండీ చూసింది. ఆ మొక్కకి ఒక కథ ఉంది. ఆంటీ ఇచ్చిన విత్తనాలు చైల్డ్‌కేర్ కిటికీలో వేస్తే, పిల్లలు రోజూ బుల్లి డబ్బాలతో నీళ్లు పోసి పెంచారు. నేను మానేసే రోజు కుండీ చుట్టూ రంగుల్లో తమ అరచేతుల ముద్రలు వేసి నాకిచ్చారు. వస్తూండగానే నేను అడిగాను, దీన్ని తీసుకెళ్లనిస్తారా అని. "ఒక్కటే దేశం కదా, ఏం గాదు" అన్నారు ఈయన.

ఆఫీసరమ్మ మంచిది. "సారీ డార్ల్" (డార్లింగ్‌కి అక్కడి పొట్టి రూపం) అంటూ మొక్కని మట్టితో సహా సంచీలోకి వంచింది. ఖాళీ కుండీని కుళాయి కింద తనే శుభ్రంగా కడిగి, రంగులు పోకుండా మెల్లగా తుడిచి నా చేతిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

బండెక్కాక మా ఆయన ఓదారుద్దామనుకున్నారు. "పుంటికూరే కదా. పెర్త్‌ల దొరకదా?"

"గోంగూర" అన్నాను.

"రెండు ఒకటే కదా."

"తమరికి అన్నీ ఒకటేనండీ. గోంగూరా పుంటికూరా ఒకటే. క్రాన్‌బర్న్, పెర్త్ ఒకటే. అడగడం, చెప్పడం కూడా ఒకటే." (నాకు బాగా కోపమొస్తే మీరు పోయి తమరు వస్తుంది.)

నేను క్యాబిన్‌లోంచి లేచి వెనక బెల్టున్న సీటులో కూర్చుని, మధ్యలో ఉన్న తెర లాగేశాను. ఆంటీ తన పాత చీరతో కుట్టిన తెర అది. బండి కదిలింది. కాసేపటికి యూక్లా అనే చోట డీజిలు కోసం ఆగాం. ఆయన దిగి పంపు దగ్గరికి వెళ్లారు. నాకప్పుడు తట్టింది, ఈ తెర సరిపోదని. అలకకి తలుపుండాలి. తెరకి గడియ ఉండదు. పైగా ఆ బండిలో ఎటు చూసినా ఆయన టవలూ ఆయన కాఫీ కప్పూ. పక్క తలుపు తీసుకుని దిగి, కుండీ ఒళ్లో పెట్టుకుని, వెనకనున్న మా కారులో దూరాను. పక్క సీట్లో రైస్‌కుక్కరూ పరుపుచుట్టలూ ఉండడంతో డ్రైవరు సీట్లోనే కూర్చుని డోర్లు లాక్ చేశాను. సీటు వెనక్కి వాల్చి, కావలసినంత ఏడ్చాను. ఏడుస్తూనే ఒక నిర్ణయానికొచ్చాను. పెర్త్ చేరగానే మొదటి విమానం ఎక్కి మెల్‌బోర్న్ తిరిగి వెళ్లిపోవాలి. చైల్డ్‌కేర్ మేడమ్ ఎప్పుడొచ్చినా పని ఉంటుందంది కదా. ఉత్తుత్తి బెదిరింపు కాదది, నిజంగానే అనుకున్నాను. అలా గట్టిగా నిశ్చయించుకున్నాక మనసు తేలికపడి నిద్రపట్టేసింది.

కళ్లు తెరిచేసరికి పెట్రోలు బంకు లేదు. కారు పోతోంది. డ్రైవరు సీట్లో నేనున్నాను, కాని నడుపుతున్నది నేను కాదు. నా ముందు స్టీరింగు తనంతట తానే కాస్త ఎడమకీ కాస్త కుడికీ తిరుగుతోంది. ఎదురుగా మోటర్‌హోమ్ వీపు తప్ప ఇంకేం కనపడదు. మొదట చేసిన పని బెల్టు పెట్టుకోవడం. రెండోది, స్టీరింగు పట్టుకోబోయి, అంకుల్ మాట గుర్తొచ్చి చేతులు లాక్కుని పూజలో కూర్చున్నట్టు ఒళ్లో పెట్టుకోవడం. ఫోను మోటర్‌హోమ్‌లో చార్జింగ్‌కి పెట్టి ఉంది. (నా దగ్గరున్నా ఒకటే, అక్కడ సిగ్నల్ ఉండదు.)

హారన్ కొట్టాను. మోటర్‌హోమ్ మర్యాదగా ఎడమ పక్కకి జరిగింది. కుడి కిటికీలోంచి మా ఆయన చెయ్యి బయటికొచ్చి, ముందుకు పొండి, ముందుకు పొండి అని ఊపింది. వెనకెవరో తొందరపడుతున్నారనుకున్నారు. మా అమ్మ కట్టిన ఎర్రదారం ఇంకా ఉంది ఆ మణికట్టుకి. నేను మళ్లీ కొట్టాను. ఆ చెయ్యి ఇంకా ఓపికగా, ఇంకా ఆదరంగా ఊపింది. ఇలా నాలుగైదుసార్లు జరిగింది. పరాయివాళ్ల హారన్‌కి ఇంత సహనం చూపించే మనిషిని నేను ఎనిమిది నెలల్లో ఎప్పుడూ సరిగ్గా చూడలేదా అని ఆ భయంలోనూ నాకు అనిపించింది.

ఎదురుగా బండ్లు వచ్చాయి. రెండు చేతులూ ఊపి కేకలు పెట్టాను. కారవాన్ లాక్కెళుతున్న ఒక ముసలి జంట, ఇంత ఉత్సాహంగా పలకరించే పిల్లని ఆ దారిలో చూడలేదేమో, వాళ్లూ రెండేసి చేతులు ఊపారు. ముసలాయన టోపీ కూడా తీశాడు. ఆ తర్వాతి వాళ్లూ అంతే. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఆ కమ్మీ ఊడితే? ఆయన ఎక్కడా ఆగకుండా రాత్రిదాకా పోతే? అన్నిటికంటే, ఆయనకి తెర వెనక నేను లేనన్న సంగతే తెలియకుండా నాకేదైనా అయితే? పాపం, ఆ మనిషి ఏమైపోతాడు? విమానం టికెట్టు సంగతి అప్పటికే మర్చిపోయానని గమనించే స్థితిలో లేను.

అంతలో వెనకనుంచి ఒక రోడ్ ట్రెయిన్ వచ్చింది. లారీకి వెనక మూడు లారీలు తగిలించినట్టుంటుంది. మమ్మల్ని దాటడానికి మెల్లగా పక్కకి వచ్చినప్పుడు దాని డ్రైవరు అంత ఎత్తునుంచి కిందికి చూశాడు. గడ్డం, నల్లకళ్లద్దాలు. నాకు ఆ నిమిషంలో ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా గుర్తుకు రాలేదు. చేతులు జోడించి దండం పెట్టాను. అతనూ గౌరవంగా తల వంచాడు. తర్వాత స్టీరింగు వైపు చూశాడు, దాని మీద లేని నా చేతుల వైపు చూశాడు, నా మొహం చూశాడు. కళ్లద్దాలు తీసేశాడు.

ముందు క్యాబిన్‌లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. రేడియోలో అతని గొంతు, "మోటర్‌హోమ్ మేట్, నీ వెనక కార్లో ఒక అమ్మాయుంది" అంది.

మా ఆయన వినయంగా, "లేదు సర్, మా వైఫ్ ఇక్కడే ఉంది. తెర వెనక. కొంచెం కోపంగా ఉంది" అన్నారట.

"తెర వెనక ఎవరున్నారో నాకు తెలియదు మేట్. కార్లో ఉన్నావిడ మాత్రం ఏడుస్తోంది."

ఆయన చెయ్యి చాచి తెర లాగారు. ఖాళీ సీటు.

"గట్టిగా బ్రేకు వెయ్యకు. మెల్లగా వదులు, మెల్లగా ఎడమకి రా. నీ వెనక ఎవరూ రాకుండా నేను చూస్తా" అని అతను చెబుతూనే ఉన్నాడట, పిల్లలకి సైకిలు నేర్పుతున్నట్టు. దాటకుండా వెనక్కి తగ్గి, మేం రోడ్డు పక్క కంకరలో ఆగేదాకా మా వెనకే ఉండి, ఆగాక ఒక పొడుగాటి హారన్ కొట్టి దాటి వెళ్లిపోయాడు. అతని పేరు కూడా మాకు తెలియదు.

మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చారు. నేను డోరు లాక్ తియ్యడం మర్చిపోయాను, ఆయన బయటనుంచి లాగుతున్నారు, నేను లోపలనుంచి తోస్తున్నాను. చివరికి తెరుచుకుంది. నన్ను చూసి అన్న మొదటి మాట, "బెల్టు పెట్టుకున్నవా?"

"పెట్టుకున్నానండీ" అన్నాను.

అది విని ఆయన అక్కడే కంకర మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నారు. నేను దిగి పక్కన కూర్చున్నాను. చుట్టూ ఎవరూ లేరు. ఆయన మొహం మీంచి చేతులు తీసి, "యూక్లా నుంచి నీతోనే మాట్లాడుతున్న" అన్నారు.

"నాతోనా?"

"తెరతోని. నువ్వు పలుకలే. కోపమొచ్చినా వింటున్నవ్ కదా అనుకుని అంత చెప్పిన. ఎన్నడు చెప్పనియి కూడ చెప్పిన."

"ఏం చెప్పారు?"

"మల్ల చెప్పాల్నా?"

"నేను వినలేదు కదా."

ఆయన కంకర రాళ్లు ఏరుతూ, నా వైపు చూడకుండా, ముక్కలు ముక్కలుగా మళ్లీ చెప్పారు. "మా ఇంట్ల ఎవ్వరు ఎవ్వర్ని అడగరు. మా నాయిన చెప్తడు, మా అమ్మ సామాన్ సర్దుతది. అడగాల్నని నాకు తెలువక కాదు. అడిగితే నువ్వు వద్దంటవేమోనని భయమైంది. నువ్వు ఆ పిల్లల గురించి చెప్పేటప్పుడు నీ మొహం చూసిన గద. నువ్వు వద్దంటే నేను పోలేను. రాత్రి షిఫ్టు ఇంక చెయ్యలేను. అందుకే అడగలే." చేతిలోని రాళ్లు కింద పోసి, "పెర్త్ నీకు నచ్చకుంటే వాపస్ పోదాం. ఇది కూడ తెరకు చెప్పిన" అన్నారు.

రాత్రి షిఫ్టు నుంచి తెల్లవారి వచ్చి, నన్ను లేపకుండా చీకట్లో తడుముకుంటూ టీ పెట్టుకునేవారు. చెయ్యలేనని ఒక్కరోజూ అనలేదు. నేనూ అడగలేదు. అడగడం అనేది రెండువైపులా నడిచే బండి అని అప్పటిదాకా నాకు తోచలేదు. "అది పుంటికూర కాదు, గోంగూరే" అన్నాను. ఆయన తల ఊపారు, ఈసారికి ఒప్పుకున్నట్టు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. అది ఆగలేదు. అటుగా వెళ్తున్న ఒక బండి వాళ్లు, రోడ్డు పక్క కంకరలో కూర్చుని కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్న మమ్మల్ని చూసి చెయ్యి ఊపారు.

లేచాక ఆయన తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. "నువ్వు నడుపుతవా?" అన్నారు. అప్పటిదాకా, బండి పెద్దది, నీకు రాదని ఒక్క కిలోమీటరు కూడా ఇవ్వలేదు. నడుపుతానన్నాను. రాకపోయినా అనేదాన్నే. డెబ్బై దాటకుండా, రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని మదురా కొండ దాకా నడిపాను. ఆయన పక్కసీట్లో పైనున్న పిడి వదలకుండా, ఒక్క సలహా కూడా ఇవ్వకుండా కూర్చున్నారు. సలహాలు గొంతుదాకా వచ్చి ఆగిపోవడం మెడ నరాల్లో కనిపిస్తూనే ఉంది. కొండ ఎక్కాక, "మంచిగ నడిపినవ్" అని, పిడి వదిలి, వేళ్లు విరుచుకున్నారు.

పెర్త్‌లో దిగి ఇప్పటికి తొమ్మిదేళ్లు. కానింగ్ వేల్‌లో మా ఇంట్లోనే నేను నలుగురైదుగురు పసిపిల్లల్ని చూసుకుంటాను. వాపస్ పోయే మాట మళ్లీ రాలేదు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా అమ్మాయి తెలుగంతా విని, "అమ్మా, వై డిడన్ట్ యూ జస్ట్ టెల్ హిమ్ యూ వర్ శాడ్?" అని ఇంగ్లీషులో అడుగుతుంది. ఏడేళ్ల పిల్లకి తట్టింది, పాతికేళ్ల వయసులో నాకు తట్టలేదు.

మా ఆయన మాత్రం ఆ రోజు నుంచి మారిపోయారు. అడగడం మొదలుపెట్టిన మనిషి ఇక ఆపలేదు. షాపుకి వెళ్తే ఉల్లిగడ్డ పెద్దదా చిన్నదా అని ఒక ఫోను, పాల డబ్బా నీలం మూతా ఆకుపచ్చ మూతా అని ఇంకో ఫోను. మొన్న శనివారం మధ్యాహ్నం పసిపిల్లాడొకణ్ణి అప్పుడే నిద్రపుచ్చి నడుం వాల్చబోతుంటే మళ్లీ మోగింది. "సబ్బు మంచిగంధందా, నిమ్మకాయదా?" అన్నారు. ఏదో ఒకటి మీరే చూసి తెచ్చెయ్యండి మహానుభావా అని నోటిదాకా వచ్చింది. అడగలేదని దేశమంత దూరం అలిగిన ఆ పిల్ల ఎవరో, ఎక్కడుందో. నేను వరండాలోకి వచ్చి, పిల్లాడు లేవకుండా గొంతు తగ్గించి, "ఆగండి, వాసన ఎలా ఉందో చెప్పండి" అన్నాను. ఆయన రెండూ వాసన చూసి, ఒక్కొక్కటీ వివరంగా చెప్పసాగారు. నేను విన్నాను.